జవాబు రాకపోతే

"నెయిల్ కట్టర్ ఎక్కడుంది?"

ప్రశ్న ముందు గదిలోంచి వచ్చింది. ఎవరిని అడుగుతున్నదీ అందులో లేదు. ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతోంది, చేతుల నిండా నురుగు. ముందు గదిలో అత్తగారున్నారు, కాలేజీకి తయారవుతున్న కూతురుంది, అడిగిన మనిషికి లక్షణంగా కాళ్ళూ కళ్ళూ ఉన్నాయి. అయినా ఆ ప్రశ్న సోఫాని, అత్తగారి కుర్చీని, కూతురి చెవుల్లోని ఇయర్‌ఫోన్లని దాటుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి ఆమె వీపు వెనక నిలబడింది.

"టీవీ కింద సొరుగులో, ఎడం పక్క" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

ఆ ఇంట్లో ప్రశ్నలకి చిరునామా ఉండదు. బాత్రూం బల్బు ఎవరు మారుస్తారు, కళ్ళ డాక్టరు దగ్గరికి ఏ రోజు రమ్మన్నాడు, ఇస్త్రీకిచ్చిన బట్టలు వచ్చాయా లేదా. అడిగేవాళ్ళు అడిగి ఊరుకుంటారు. మిగతావాళ్ళు విననట్టుంటారు, నిజంగానే వినరేమో కూడా. ఆ తర్వాత వచ్చే చిన్న నిశ్శబ్దాన్ని ఆమె భరించలేదు. గదిలో ఒక ప్రశ్న జవాబు లేకుండా పడి ఉంటే, ఏడుస్తున్న పసిపిల్లని నేల మీద వదిలేసినట్టుంటుంది ఆమెకి. వంగి ఎత్తుకుంటే తప్ప ప్రాణం కుదుటపడదు. పెళ్ళైన కొత్తలో ఇది ప్రేమ అనుకుంది. తర్వాత అలవాటు అనుకుంది. ఈమధ్య ఏమీ అనుకోవడం లేదు.

"ఇవాళేనా మీ యాప్ తనిఖీ?" గోళ్ళు తీసుకుంటూ అడిగాడు భర్త.

"ఇవాళ కంప్యూటర్ విభాగం నుంచి చూడ్డానికొస్తారు. రేపు డైరెక్టర్‌గారి ముందు మీటింగ్."

"చూడ్డానికేముంది అందులో? కోడ్ రాస్తే కదా యాప్. నువ్వు చేసింది రెడీమేడ్ పిండి ప్యాకెట్ చింపి నీళ్ళు కలపడం."

"నీళ్ళు కలిపేవాళ్ళయినా ఉండాలిగా" అంది అత్తగారు. పొగిడిందో పొడిచిందో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు.

ఆమె పనిచేసేది ఒక పెద్దాసుపత్రి మరమ్మతుల విభాగంలో. కారే కుళాయిలు, చక్రం ఊడిన వీల్‌చైర్లు, తల వైపు లేవనని మొండికేసిన మంచాలు, అన్నిటి ఫిర్యాదులూ ఆమె బల్ల దగ్గరికే వస్తాయి. ఒకప్పుడు ఫోన్లలో వచ్చేవి, చీటీల్లో వచ్చేవి, కారిడార్లో ఎదురుపడిన నర్సు నోటి వెంట వచ్చేవి. చీటీ పోయినా, మెకానిక్ మరిచిపోయినా, వార్డు సూపర్‌వైజర్ సరే అనడం ఆలస్యమైనా తిట్లు మాత్రం ఆమెకి క్షేమంగా చేరేవి. యాప్‌లు తయారుచేయడం నేర్పుతాం, విభాగానికొకరిని పంపండి అని కబురొచ్చినప్పుడు మేనేజరు గది మొత్తం ఒకసారి చూసి, "మిగతావాళ్ళకి పనులున్నాయి, మీరెళ్ళండమ్మా" అన్నాడు.

అలా వెళ్ళింది. దీన్ని లో-కోడ్ అంటారని చెప్పారక్కడ. కోడ్ దాదాపు రాయక్కర్లేదు. తయారుగా ఉన్న ముక్కల్ని తెర మీదికి లాగి, ఒకదానికొకటి కలుపుకుంటూ పోవాలి. నర్సు ఫోటో తీసి పంపగానే పని కదలాలి, అది ట్రిగ్గర్. కరెంటు పనైతే అటు, నీళ్ళ పనైతే ఇటు, అది కండిషన్. సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి, అది అప్రూవల్. వింటున్నకొద్దీ ఆమెకి లోపల నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇవన్నీ బుర్రలో నడుపుతూనే ఉంది, పేర్లు తెలియవంతే. ప్రోగ్రామర్లు కాకుండానే ఇలా తమ పనికి తామే యాప్ చేసుకునేవాళ్ళని సిటిజెన్ డెవలపర్లంటారని కూడా చెప్పారు. కోడలు, ఫలానావారి భార్య, కంప్లైంట్ల మేడమ్ అని పిలిపించుకున్న మనిషికి పౌరురాలని ఎవరో ఇప్పుడే గుర్తించినట్టనిపించింది. ఇంటికెళ్ళే బస్సులో ఆ మాటని మనసులో అనుకుని చూసుకుంది, కొత్త చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి చూసుకున్నట్టు.

యాప్ తయారైంది. వార్డులన్నీ వాడుతున్నాయి. "మేడమ్, మంచం ఫోటో పంపి టీ తాగొచ్చానో లేదో మెకానిక్ ఆ మంచం కింద ఉన్నాడు!" అని ఒక నర్సు పనిగట్టుకుని వచ్చి చెప్పిన రోజున, ఆమె బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని అద్దంలో తనని తాను కాసేపు చూసుకుంది.

ఇప్పుడు ఆసుపత్రిలోని యాప్‌లన్నిటినీ నమోదు చేయాలన్నారు. ఎవరు ఓనర్, ఎవరు అప్రూవర్, ఎవరు వాడేవాళ్ళు, అన్నీ తేలాలి.

"ఓనర్ దగ్గర నా పేరు పెట్టేయండమ్మా" అన్నాడు మేనేజరు, తనిఖీకి ముందే. చెడ్డ మనిషి కాడు. ఆమెకి జ్వరమొస్తే ఇంటికి పొమ్మంటాడు. "ఏదైనా తేడా వస్తే మీ మీదికి రాకూడదు కదా. మీ మంచికే."

"మరి చేసింది ఎవరని పెడదాం సార్?"

"మన డిపార్ట్‌మెంట్ అని పెడదాం. మనలో మనకేంటి?"

ఆమె తలూపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. కానీ తలూపడంలో ఆ తేడా ఎదుటివాళ్ళకి ఎప్పుడూ తెలియదు. ఆ తేడా మీద ఆమె సగం జీవితం నడిచింది.

కంప్యూటర్ విభాగం నుంచి వచ్చింది ఒక చిన్నమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు తిప్పుకుంటూ పక్కన కూర్చుంది. యాప్ లోపలి దారులన్నీ బాణాలుగా, గడులుగా తెర మీద పరిచింది. చూస్తూ చూస్తూ, "భలే కట్టారక్కా" అంది. తర్వాత ఇంకొంచెం ముందుకి వంగింది. "ఇదేంటి?"

"ఏది?"

"ఇదిగో, జవాబు రాకపోతే అనే దారి. సూపర్‌వైజర్ పలక్కపోతే మీ దగ్గరికి. మెకానిక్ పలక్కపోతే మీ దగ్గరికి. స్టోర్ వాళ్ళు పలక్కపోయినా మీ దగ్గరికే. కావాలనే పెట్టారా?"

"మరి ఎవరో ఒకరు చూడాలి కదమ్మా."

"ఎవరో ఒకరంటే మీరేనా అక్కా?"

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. ఆమెకే గది కాస్త ఒరిగినట్టైంది. తెర మీద నలుమూలల నుంచీ బయల్దేరిన బాణాలు ఒకే గడిలోకి వచ్చి పడుతున్నాయి. ఆ గడిలో ఆమె పేరుంది. అది పెట్టమని ఎవరూ చెప్పలేదు. మేనేజరు చెప్పలేదు, భర్త చెప్పలేదు, అత్తగారు చెప్పలేదు. తన చేత్తో, ఎంతో ఇష్టంగా, భోజనాల వేళల్లో కూర్చుని తనే గీసింది. ఇన్నాళ్ళూ వాళ్ళు తన మీద పడేస్తున్నారనుకుంది. నిజమే, పడేశారు. పడేసినవన్నీ ఎక్కడ పడాలో చూపిస్తూ లోపల ఎప్పుడో ఒక బొమ్మ గీసి ఉంది, దాన్ని చిన్నప్పుడే ఎవరు గీశారో, తర్వాత తను ఎన్నిసార్లు దిద్దిందో. ఇవాళ అది బయటికొచ్చి వెలుతురులో నిలబడింది. సిగ్గుపడాలేమో. కానీ వింతగా, సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది. మనసుని ఇంత స్పష్టంగా గీయగలిగిన మనిషికి దాన్ని మార్చి గీయడం కూడా చేతనవుతుంది.

"మీరు సెలవు పెడితే ఏమవుతుంది?" అడిగింది అమ్మాయి.

"మా అమ్మకి ఆపరేషనైనప్పుడు అక్కడ వరండాలో కూర్చుని ఫోన్లో చూశాను."

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. "అక్కా, దీన్ని ఎస్కలేషన్ అంటారు. కింద జవాబు రాకపోతే పైకి వెళ్ళాలి. మీరు పక్కకి లాక్కొచ్చి ఒళ్ళో పోసుకున్నారు."

"పైన ఉన్నది మేనేజరుగారు."

"ఆయనకే వెళ్ళాలి మరి."

"ఓనర్‌గా కూడా ఆయన పేరే ఉండాలంటున్నారు."

"యాప్‌ని మార్చేదీ, అందులోకి ఎవర్ని రానివ్వాలో చెప్పేదీ, పాడైతే బాగుచేసేదీ ఎవరో వాళ్ళే ఓనర్. ఆయన చేస్తారా అవన్నీ?" అంది అమ్మాయి.

ఆమె మౌస్ పట్టుకుంది. మొదటి బాణాన్ని తన గడి నుంచి ఊడదీసి పైకి, మేనేజరు గడిలోకి లాగింది. చెయ్యకూడని పనేదో చేస్తున్నట్టు ఒకసారి వెనక్కి కూడా చూసింది. రెండో బాణం కొంచెం తేలిగ్గా కదిలింది. చివరిదానికి వచ్చేసరికి వెనక్కి చూడ్డం మానేసింది. తర్వాత నమోదు పేజీ తెరిచి, ఓనర్ అన్నచోట తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా టైపు చేసి, పంపేసింది.

సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెబితే, "నీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు భర్త. "ఆయన పేరుంటే తలనొప్పి ఆయనది. ఓనర్ అయి నువ్వు కొత్తగా నెత్తినేసుకునేదేంటి?"

"తలనొప్పి ఎప్పుడూ నాదేనండీ. ఇప్పుడు పేరు కూడా నాదైంది, అంతే."

మర్నాడు మీటింగుకి ముందే మేనేజరు ఫోను చేతిలో పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "ఏంటమ్మా ఇది, పిల్లల వార్డులో కుళాయి అట, నాకొచ్చింది?"

"మెకానిక్ జవాబివ్వలేదు సార్. అందుకని పైకొచ్చింది."

"ఇలా మారుస్తున్నానని ఒక మాట అడగొద్దా? ఓనర్ని కదా నేను?"

"కాదు సార్. నా పేరు పెట్టి నిన్ననే పంపేశాను." నమోదు పేజీని తెర మీద తెరిచి చూపించింది. "అప్రూవర్లలో పైన మీ పేరే ఉంది."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో ఫోను మళ్ళీ మోగింది. దానికేసి చూసుకుంటూ వెళ్ళిపోయాడు, కోపంగా కాదు, కుళాయి ఎవరికి అప్పజెప్పాలా అన్న దిగులుతో. ఆ దిగులు ఆమెకి బాగా తెలిసిందే. వేరే మొహం మీద చూడటం మాత్రం ఇదే మొదలు.

మీటింగులో డైరెక్టరు యాప్ మొత్తం చూశాడు. బాగుందన్నాడు. మన రెండో ఆసుపత్రికి కూడా ఇద్దాం అని మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు ఒక్క క్షణం బల్ల మీదికి చూసి, "ఓనర్ ఆవిడండీ, ఆవిణ్ణే అడగాలి" అన్నాడు.

డైరెక్టరు ఆమెని చూసి చల్లగా నవ్వాడు. "ఇంకేం, వాళ్ళ కంప్లైంట్లు కూడా మీరే చూసేస్తారుగా అమ్మా? మీకిదంతా చేతిలో పని."

ఆమె లేచి నిలబడింది.

"యాప్ ఇస్తాను సార్. కంప్లైంట్లు మాత్రం వాళ్ళవి వాళ్ళే చూసుకోవాలి. వాళ్ళ విభాగంలో ఒకరికి నేను నేర్పుతాను. పనివేళల్లోనే నేర్పుతాను. అన్నాళ్ళూ నా బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టాలి."

డైరెక్టరు కలం తీసుకుని రాసుకున్నాడు. ఆమె కూర్చుంది. చెప్పిన మాటల చివర "లేకపోయినా పర్లేదు సార్" అని తను కలపలేదని అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు.