లెక్కపెట్టని చేతులు

కొండల నడుమ ఉన్న గ్లారుస్ సీమకు రైలు కొత్తగా వచ్చిన రోజులవి. మే మొదటి ఆదివారం ఊళ్ల మగవాళ్లంతా మైదానంలో వలయంగా నిలబడ్డారు. అక్కడ చట్టాలు చేసేది ఆ జనమే. నడుమ వేదిక మీద, పదవికి గుర్తైన కత్తి పిడిపై చేతులాన్చి సభాపతి బాల్తజార్ నిలబడ్డాడు. వకీలుగా మొదలై, అద్దకం మిల్లుల్లో పసిపిల్లల పని మాన్పించే చట్టం తెచ్చి, ఏళ్ల తరబడి ఆ కత్తి మోస్తున్నాడు. ఈరోజు దించేయాలని కోరిక. కానీ అక్కడ పదవి వద్దనుకుంటే చాలదు, జనం ఒప్పుకోవాలి.

పైన కొండమీద వాళ్లకొక గుడిసె ఉంది. కూతురు రేగులా తన చివరి వేసవి అక్కడే గడిపింది. ఈ వేసవికి ఇద్దరం అక్కడే ఉందామని భార్య వెరెనాకు మాటిచ్చాడు. ఆమె మూటలు కట్టేసి, మైదానం పక్కనున్న తమ ఇంటి పైఅంతస్తు కిటికీలోంచి చూస్తోంది.

"నన్ను వదిలేయండి," అన్నాడు బాల్తజార్.

అతని ప్రతి చట్టానికీ అడ్డుపడిన జున్నుల యోస్ట్ ముందుకొచ్చాడు. "వదిలేద్దామయ్యా. ఇన్నాళ్లూ ఈయన ఉపన్యాసాలకి మనం కునుకు తీశాం. ఇక ఈయన్నీ కాస్త పడుకోనిద్దాం."

జనం నవ్వారు. ఒక ముసలి నేతగాడు, "నీ తిట్లు పడే ఓపిక ఇంకెవరికుంది యోస్ట్? ఉండనీ ఆయన్ని," అన్నాడు.

చేతులెత్తారు. అక్కడ చేతులు లెక్కపెట్టరు. ఎటు ఎక్కువో సభాపతి కంటితో చూసి చెబుతాడు, అదే తీర్పు. తన సంగతైనా అంతే. రెండు వైపులా సమానంగానే తోచాయి. మళ్లీ ఎత్తమన్నాడు. ఈసారి ఉంచుదామన్న చేతులు పిసరంత ఎక్కువ. కింద నిలబడ్డవాళ్లకు ఆ తేడా తెలియదు. అతను కిటికీ వైపు చూడలేదు.

"ఉంచుదామన్నవే ఎక్కువ," అన్నాడు.

వేదిక దిగుతుంటే యోస్ట్ భుజం తట్టాడు. "పిచ్చి మారాజా, ఇంకోలా చెబితే ఎవడడిగేవాడు?"

"నువ్వే అడిగేవాడివి."

"అడిగేవాణ్ణే అనుకో."

ఇంటికొచ్చేసరికి మూటలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వెరెనా దూడమాంసం సాసేజి, మెదిపిన బంగాళాదుంప, ఉడికిన ఆల్‌బుఖారా పళ్లు వడ్డించింది.

"వెరెనా, నేను..."

"చూశానండీ. పైనుంచి నాకూ అలాగే కనిపించింది."

"వదిలేశారని చెప్పి ఉంటే?"

"మీతో కొండెక్కేదాన్నే. అక్కడ మీ మొహం చూడలేక దిగొచ్చేదాన్ని." ఆమె పళ్లెం అతని ముందుకు జరిపింది. "మూటలు మాత్రం విప్పను. రేపు నేను వెళ్తున్నా. మీరు శనివారాలు రండి. రొట్టెలు మర్చిపోకండి."

"రెండు చాలా?"

"మూడు. యోస్ట్ ఆవులు అక్కడే మేస్తాయి. వాసన పట్టి మరీ వస్తాడు."

బాల్తజార్ నవ్వుకుంటూ సాసేజి కోసుకున్నాడు.