మామిడితోట వెనక కొట్టం

మా ఆయన జ్ఞానశేఖర్ పుస్తకాల్లో ఎవరికీ పేరుండదు. అడవుల్లో తిరిగి రాసినా, బొగ్గుగనుల్లోకి దిగి రాసినా, అందరూ ‘ఒక ముసలాయన’, ‘ఒక కూలి మనిషి’. అదేదో గొప్ప శైలి అని సభల్లో తెగ పొగిడారు. శైలీ లేదు, పాడూ లేదు.

నలభై ఎనిమిది దాకా ఆయన పద్ధతి వేరు. ఊరూ పేరూ లేకపోతే అది వార్తే కాదనేవాడు. పోలీసు చర్య ముగిసిన నెలలోపే, నేను వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, సైకిలేసుకుని జిల్లాలకు పోయాడు. మహా మొండిమనిషి. పదకొండో రోజున సికింద్రాబాద్ తిరుమలగిరిలో మా ఇంటికి జ్వరంతో వచ్చి, అన్నం కూడా తినకుండా రాయడానికి కూర్చున్నాడు.

రాసింది అబ్బాస్ అనే దర్జీ గురించి. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆ అబ్బాస్ మూడు హిందూ కుటుంబాలను తన ఇంట్లో దాచాడు. సైన్యం వచ్చాక పొరుగూళ్ల మూకలు ముస్లింల ఇళ్ల మీద పడ్డాయి. ఈసారి అబ్బాసే దాక్కోవలసి వచ్చింది. మా ఆయన వెతుక్కుంటూ వెళ్లి అతనితో మాట్లాడి వచ్చాడు.

ఆయన దస్తూరీ కోడిగీతలు. పత్రికకు పోయే ప్రతి ముక్కా నేనే సాపు రాసేదాన్ని. ‘అబ్బాస్ ఇప్పుడు మామిడితోట వెనక పాడుబడ్డ కొట్టంలో తలదాచుకుంటున్నాడు’ అన్న వాక్యం దగ్గర నా కలం ఆగింది.

“ఇది ఉండాలా?” అన్నాను.

“ఉండాలి మేబెల్. అతను చేసిన మేలు చదివితే, ఊరే పోయి ఇంటికి తీసుకొస్తుంది.”

సరేనని రాసేశాను. బడిలో పిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని, ఆ ఒక్క వాక్యం కొట్టేయలేకపోయాను. అతని కోసం వెతుకుతున్నవాళ్లే అది ముందు చదివారు. వార్త అచ్చయిన నాలుగో రోజున ఆ కొట్టంలోనే అబ్బాస్‌ను నరికేశారు.

మరుసటి ఏడు అతని భార్య జాన్ బీ బతుకుతెరువు కోసం సికింద్రాబాద్ చేరి, మా ఇల్లు కనుక్కుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. కొంగున కట్టుకున్న పేపరు ముక్క విప్పింది.

“సార్, మా ఆయన మీద రాసిన్రంట గదా. జెర చదువున్రి.”

ఆయన చదివాడు. మామిడితోట దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వాక్యమే చంపిందని మాత్రం చెప్పలేదు.

అప్పటినుంచి ప్రతి ఏడూ అబ్బాస్ పోయిన రోజున ఆమె వచ్చి ఆ ముక్క చదివించుకునేది. ఏ దేశంలో తిరుగుతున్నా ఆ రోజుకు ఈయన ఇంట్లో ఉండేవాడు. మా పెళ్లిరోజుకు ఒక్కసారైనా ఉంటే ఒట్టు. “ఆమెకు చెప్పేయండి, మీ గుండె బరువైనా దిగుతుంది” అని పోరేదాన్ని. వచ్చే ఏడు చెప్తాననేవాడు. అలా ముప్పై ఏళ్లు గడిచాయి. మొన్న మార్చిలో చెప్పకుండానే పోయాడు.

ఈ ఏడూ జాన్ బీ వచ్చింది.

“సార్ లేడు గదా. మీరే చదువున్రి, టీచరమ్మా.”

చదివాను. ఆ వాక్యం రాగానే దాటేసి ముందుకు పోయాను.

“కొట్టం మాట ఇడిసిపెట్టిన్రు” అంది జాన్ బీ.

కాగితం దించి ఆమె వంక చూశాను. “నీకు తెలుసా?”

“ఎప్పటిసందో ఎరుకనే. పేపర్ల జూసే పోయినమని సంపినోళ్లే ఊర్ల చెప్పుకున్నరు.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకొచ్చావు?”

“ఇంకెక్కడికి పోవాలమ్మా? మా ఆయన కోసం ఏడ్చెటోళ్లు నాకెవ్వరున్నరు? సార్ ఒక్కరే ఏడుస్తుండె. గందుకే వస్తుంటి.”

ఆయన ముప్పై ఏళ్లు దాచిన మాటలో నా వంతు మిగిలే ఉంది. “అది సాపు రాసింది నేనే, జాన్ బీ. కొట్టేయాలనిపించింది, కొట్టేయలేదు” అన్నాను.

ఆమె చాప మీద నా పక్కకు జరిగి కూర్చుంది.

“మల్ల మొదటిసంది చదువున్రి.”

మళ్లీ చదివాను. ఈసారి మామిడితోట దగ్గర ఇద్దరం ఏడ్చాం.