గడ్డ మీది రేవు

పొద్దుగాల లేవంగనే మల్లీశ్వరి వాకిలి ఊడుస్తది, సాంపి జల్లుతది, పొయ్యి మీద చాయ్ పెడ్తది. చాయ్ మసిలేలోపల వాకిట్ల మట్టి గోలెం కాడికి పోయి నీళ్లల్ల వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటది. ఉప్పగుంటే మొగడు శివకృష్ణ సముద్రం మీదున్నట్టు. నీళ్లు కదలకుంట ఉంటే ఆయన నిమ్మళంగున్నట్టు. అలలు లేసి అంచుకు కొట్టుకుంటుంటే గాడ గాలి లేసినట్టు. ఇంత చూసుకున్నంకనే ఆమెకు చాయ్ గొంతు దిగుతది.

కోస్గి పక్కన పల్లె అది. వాన పడితే కంది, పడకుంటే మొండి చెల్క. ఆ ఊర్ల సముద్రం చూసినోళ్లు వేళ్ల మీద లెక్కకు గూడ రారు. అయినా శివకృష్ణ పడవెక్కిన కాంచి వాళ్ల గోలెం ఉప్పగనే ఉన్నది. ఎంత తోడినా మళ్ల అంచు దాక వస్తది. ఊరోళ్లేమన్న తెలివి తక్కువోళ్లా, ఊకెనే పోనిస్తరా! అత్త యాదమ్మ రోజు చెంబెడు కాగబెట్టి మోకాళ్ల మీద పోసుకుంటది. వాడకట్టు ఆడోళ్లు ఆ నీళ్లతోనే చింతకాయ తొక్కు నూరుతరు. గోలెం జేసిన కుమ్మరి గోపయ్యకైతే ఒకటే గర్వం. "నా చేతి మట్టి అమ్మా, సముద్రాన్ని గూడ ఆపింది" అని అటు పోయేటోళ్లకు ఇటు వచ్చేటోళ్లకు చెప్పుకుంటడు.

బిడ్డ మనస్వినికి ఐదేండ్లు. ఆ పిల్లకు నాయినంటే గోలెమే. బడి నుంచి రాంగనే మోచేతుల దాక చేతులు ముంచి, "బాపూ, ఇయ్యాల గుడ్డు పెట్టిన్రు" అని చెప్తది. నీళ్లు జరంత లేసి పిల్ల చేతులకు తాకి దిగుతయి. యాదమ్మ అరుగు మీద కూసోని, "సాలు తియ్, జలుబు జేస్తది మీ నాయిన" అని తిడ్తది.

బోరు ఎండినంక శివకృష్ణ దుబాయి పోయి పడవలు కడిగే పనికి కుదిరిండు. ఆయన చేతి పని ఒక ముసలి దొరకు నచ్చింది. తన పడవ మీద పెట్టుకొని మధ్యధరా సముద్రానికి తోల్కపోయిండు. ఎండకాలమంత దొర పడవ మీద ఊర్లు తిరుగుతడు. చలికాలం రాంగనే తన దేశం పోతడు. పడవనేమో ఏదో ఒక రేవుల కట్టెయ్యాలె. తాళ్లు చూసుకోవాలె, లోపలికొచ్చిన నీళ్లు తోడాలె, వారానికోపారి ఇంజను నడపాలె. అందుకని మనిషొకడు ఆ నాలుగు నెలలు పడవల్నే ఉండాలె. ఆ మనిషి శివకృష్ణ.

"మరీనా అంటే ఏందయ్యా?" అని మొదటి ఏడు అడిగింది మల్లీశ్వరి.

"పడవల బస్టాండే మల్లీ. కాకుంటే గీ బస్సులు చలికాలమంత కదలయి."

ఏ మరీనాల కట్టాల్నో దొర శివకృష్ణకే వదిలేసిండు, ఉండేటోడివి నువ్వే గద అని. శివకృష్ణ పెండ్లానికి వదిలేసిండు. దసరా దాటంగనే ఫోన్ల ఫోటోలు పంపుతడు. మల్లీశ్వరి పిల్లనిచ్చే ఇల్లు చూసినట్టు ఒక్కొక్కదాన్ని ఆరా తీస్తది. తాగే నీళ్లు మంచియేనా? కరెంటుంటదా? దవాఖాన ఎంత దూరం? గాలికి అడ్డం గుట్టున్నదా? జొన్నపిండి దొరుకుతదా? మాట మాట్లాడే మనిషున్నడా?

మొదటి ఏడు మాల్టా అన్నది, దవాఖాన దగ్గరని. గాలికి గోలెం చలికాలమంత పొర్లి, ఉప్పు పేరుకొని వాకిట్ల జామచెట్టు చచ్చింది. రెండో ఏడు సిసిలీల గుట్ట చాటున్న చిన్న రేవు. గాలి లేదు గని మనిషీ లేడు. గోలెంల నీళ్లు ఒక్కనాడు గూడ కదలలె. అది చూసి మల్లీశ్వరి ఎక్కువ ఏడ్చింది. మూడో ఏడు ట్యునీషియా. ఆడ పక్క పడవకు హబీబ్ అనే ముసలాయన కావలి. ఇద్దరు కలిసి వండుకునేటోళ్లు. మన గట్క అసొంటిదే వండుతడు అని శివకృష్ణ నవ్వుకుంట చెప్తుండె. ఆ ఏడు గోలెం గూడ చిన్న చిన్న అలలతోని మురిసినట్టే ఉండె.

అన్ని బాగనే ఉన్నయి. మనిషే లేడు. నడుమ ఒక్కపారి, పద్దెనిమిది దినాలు, నడి ఎండకాలంల వచ్చిపోయిండు. ఆ పద్దెనిమిది దినాలు గోలెం నీళ్లు తియ్యగున్నయి, గడ్డ మీదున్నడు గదా. మల్లీశ్వరికి ఉన్న కోరిక ఒక్కటే. ఒక్క చలికాలం, కంది కోసేటప్పుడు, ఆయన పక్క సాల్ల ఉండాలె. పొద్దుగాల మంట కాడ చేతులు కాపుకుంట చాయ్ తాగాలె. గంతే.

గని రమ్మని అడుగదు. ఆ ఇంట్ల రివాజు అది. శివకృష్ణ తండ్రి అప్పట్ల బొంబాయి నుంచి "జాతరకు వస్తున్న" అని కబురు పంపి, ఆ వచ్చే తొవ్వలనే లారీ కింద పడ్డడు. అప్పటి సంది ఆ ఇంట్ల పోయినోన్ని రమ్మని పిలువరు. వచ్చేటోడు వస్తున్నని చెప్పడు. వచ్చి గడప ముందట నిలబడి "వచ్చిన" అనుడే.

పోయిన దసరాకు నాలుగు ఫోటోలొచ్చినయి.

"మొదటిది పోయినేటిదే. హబీబ్ బాబా ఆడనే ఉంటడు. రెండోది టర్కీ. మూడోది గ్రీసు, కిరాయి జర ఎక్కువ. ఇగ నాలుగోది చూడు మల్లీ. మంచిగ చూడు."

మల్లీశ్వరి చూసింది. పడవలన్ని కట్టెల ఊతం మీద నిలబెట్టి ఉన్నయి. కింద ఎర్రటి దుబ్బ.

"నీళ్లేవి?"

"ఉండయి. క్రేనుతోని లేపి గడ్డ మీద పెడ్తరు. చలికాలమంత గడ్డ మీదనే."

"థూ! నీళ్లు లేని జాగా మనకెందుకయ్యా? ఎండిన బోరు చూసుకుంట పదేండ్లు బతికినం సాలదా? పడవను గూడ కరువుల పెడ్తమా?"

"అంతేనంటవా?"

"అంతే. పోయినేటిదే మంచిగుండె. హబీబ్ తాతున్నడు, నాకు ఫికరుండదు."

అవుతలి దిక్కు శివకృష్ణ ఇంకేదో అడుగుతదేమో అన్నట్టు ఆగిండు. ఆమె అడగలె. "సరే మల్లీ" అని ఫోన్ పెట్టేసిండు. ఆ పొద్దంత గోలెంల నీళ్లు బెత్తెడు కిందికి దిగి ఉన్నయి. కడవలు ఎక్కువ ముంచిన్రేమో అనుకున్నది, పిచ్చిది.

పుష్యమాసంల నార్కట్‌పల్లి నుంచి ముజఫ్ఫర్ అనే పిలగాడు సంచి పట్టుకొని బస్సు దిగిండు. ఇంకో పడవ మీద పనోడు, శివకృష్ణకు దోస్తు. సంచిల మనస్వినికి ఎర్ర స్వెటరు, యాదమ్మకు మోకాళ్ల మందు, మల్లీశ్వరికి ఒక సబ్బు, ఖర్జూరాలు.

"నీకెట్ల దొరికింది సుట్టి?" అని చాయ్ గ్లాసు ఇచ్చుకుంట అడిగింది మల్లీశ్వరి.

"మా పడవను గడ్డ మీద పెట్టిన్రు అక్కా. గడ్డ మీద పెడితే మనిషి అక్కర లేదు గదా. నాలుగు నెలలు ఇంటికాడనే. శివన్న గూడ ఈ ఏడు అదే పెడ్తనన్నడు. స్వెటరు గూడ తనే తెద్దామని కొన్నడు. మరెందుకో మనసు మార్చుకున్నడు."

మల్లీశ్వరి ఫోన్ తీసి నాలుగో ఫోటో మళ్ల చూసింది. అన్ని రేవులకు అన్ని సవాళ్లు అడిగిన నోరు, నాలుగోదానికి ఒక్కటంటే ఒక్కటి అడగలె. 'పడవ గడ్డ మీదుంటే నువ్వేడుంటవయ్యా' అంటే అయిపోవు. నీళ్లు లేని జాగా అనంగనే కండ్లు మూసుకొని కాదనె. పాలమూరు మనిషి గదా, ఎండిన నేలను చూసి ఎవలు రమ్మంటరు?

ముజఫ్ఫర్ పోంగనే ఫోన్ చేసింది.

"ఎందుకు చెప్పలెవయ్యా?"

శివకృష్ణ నవ్విండు. "మనింట్ల చెప్పరు కదనే. నువ్వు అడుగుతవనుకున్న. నేను సప్పుడు చెయ్యకుంట ఉంటే నువ్వే సమజ్ జేసుకుంటవనుకున్న."

"ఇప్పుడు లేపరాదా గడ్డ మీదికి?"

"ఇప్పుడు ఆడ జాగాలు నిండినయంట. ఏడువకు మల్లీ. వచ్చే ఏడు అదే ఎంచు."

వచ్చే ఏడు! ఆ మాట పట్టుకొని పది దినాలు గడిపింది.

పదకొండో దినం పగటీలి, కందికట్టె మోపు దించుతుంటే మనస్విని ఒర్లింది. "అమ్మా! బాపు పొర్లుతుండు!" గోలెం తెర్లుతున్న ఎసరు లెక్క ఉన్నది. అలలు అంచు మీదికెళ్లి దూకుతున్నయి. ఫోన్ చేస్తే మోగుతలేదు. వాడకట్టంత ఉరికొచ్చింది. గోపయ్య గొంగడి తెచ్చి గోలెం చుట్టు గాలికి అడ్డం పట్టిండు. ఇంకో నలుగురు వాళ్ల గొంగళ్లు, చెద్దర్లు పట్టి నిలబడ్డరు. యాదమ్మ గోలెం అంచు పట్టుకొని, "కొడుకా, తాడు గట్టిగ పట్టుకో నాయినా" అని మొత్తుకుంటున్నది. నీళ్లు ఆగుతలెవ్వు.

మల్లీశ్వరి ఒక్క క్షణం చూసింది. కొంగు నడుముకు చెక్కి బకీటు అందుకున్నది.

"తోడుండ్రి! అన్ని తోడుండ్రి! పడవ గడ్డకు ఆనాలె!"

ఎవ్వలు ఎందుకని అడగలె. బకీట్లు, బిందెలు, తట్టలు, వంటింట్ల గంజులు గూడ వచ్చినయి. తోడంగ తోడంగ మళ్ల నిండుతున్నది. ఊరంత కలిసి అంతకంటె జల్ది తోడింది. చింతచెట్టు మొదలు, పెరడు, గల్లీ అంత ఉప్పు నీళ్లయినయి. పొద్దు వాలేటాళ్లకు గోలెం అడుగు కనవడ్డది. మల్లీశ్వరి లోపలికి దిగి కొంగుతోని ఆఖరి చుక్క దాక తుడిచింది. పొడి మట్టి మీద చెయ్యి ఆనిచ్చి, "ఇగో, గడ్డ. దిగయ్యా, దిగు" అని అన్నది. గట్లనే ఆడ కూలబడి చీకటి దాక లేవలె.

పన్నెండు దినాలకు శివకృష్ణ ఇంటికొచ్చిండు. పెట్టెల వచ్చిండు. ఆ ఇంటి రివాజు తప్పకుంట, వస్తున్నని చెప్పకుంటనే వచ్చిండు. ఎండిన బోరు పక్కన, కంది కోసిన చెల్కల మట్టి చేసిన్రు. యాదమ్మ ఆ మట్టి మీద పడి, "తండ్రి లెక్కనే చేస్తివి గదరా" అని ఏడ్చింది. మల్లీశ్వరికి కంట్లకెళ్లి చుక్క రాలె. అన్ని ఆ పొద్దే తోడేసుకున్నదేమో.

నెల తర్వాత ముజఫ్ఫర్ మళ్ల వచ్చి హబీబ్‌కు ఫోన్ కలిపిండు. ముసలాయన అరబ్బీల వెక్కుకుంట చెప్తుంటే ముజఫ్ఫర్ తెలుగుల చెప్పిండు.

"హబీబ్ పడవ తాడు తెగిందట అక్కా. పట్టుకోబోయి నీళ్లల్ల పడ్డడట. ఈదరాదు. శివన్న దుంకిండట. ఆయన్ను ఒడ్డు దిక్కు నూకిండు గని రెండు పడవల నడుమ తను నలిగిండు. హబీబ్ మునిగిపోతుండెనట. ఇంతల రేవుల నీళ్లు దిగినయి. దిగి దిగి అడుగు తేలింది. ఆయన కాళ్లు గడ్డకు ఆనినయి, బతికిండు. శివన్నను ఒళ్ల పండుకోబెట్టుకున్నడట."

ముసలాయన ఆగి, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగ మోసుకొచ్చినట్టు పలికిండు. "వచ్... చిన."

ముజఫ్ఫర్ తల వంచుకున్నడు. "శివన్న చెయ్యి కింద మట్టిని తడుముకొని గదే అన్నడట. దానికి మతలబు ఏందని అడుగుతుండు."

అప్పుడు ఏడ్చింది మల్లీశ్వరి. నేల మీద పడి, పిల్ల బెదిరేటట్టు ఏడ్చింది. మొగన్ని ముంచింది తన ఎంపికే. తన బకీట్లు ఇంకెవరి మొగన్నో నిలబెట్టినయి. ఈ రెండు మాటలు ఆమె లోపట ఏండ్లకొద్ది కొట్లాడుకుంటయి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ గోలెంల నల్లా నీళ్లు పోస్తున్నరు. పొద్దుగాల సాంపి జల్లినంక ఆమె వేలు ముంచి నాలిక మీద పెట్టుకునుడు మానలె. తియ్యగుంటయి. గడ్డ మీదున్నడు గదా.

మళ్ల దసరా దాటింది. మల్లీశ్వరి పొయ్యి కాడ రొట్టె చేస్తుంటే ఫోన్ల ఫోటోలొచ్చినయి. నాలుగు. కింద అరబ్బీ రాత. ముజఫ్ఫర్‌కు పంపి, ఫోన్ చేసి ఏందని అడిగింది.

"హబీబ్ అక్కా. వాళ్ల దొర ఈ ఏడు రేవు ఆయన్నే ఎంచుకోమన్నడట. శివన్నకు ఆయన పెండ్లాం ఎంచుతుండె, నాకు గూడ ఆమెనే ఎంచాలె అంటుండు."

మల్లీశ్వరి పిండి చేతులు కొంగుకు తుడుచుకొని ఒక్కొక్క ఫోటో చూసింది. నీళ్లు మంచియేనా అని అడగలె. దవాఖాన సంగతి అడగలె.

"హబీబ్ తాతకు ఇంట్ల ఎవరెవరున్నరు?"

"ముసలామె ఉన్నది. ఏడేండ్లయిందట చలికాలం ఇంటికి పోక."

"వీటిల్ల పడవను గడ్డ మీద పెట్టేది ఏది?"

"మూడోది."

"గాడ పెట్టమను. పెట్టి ఇంటికి పొమ్మను." రొట్టె మాడు వాసన వస్తున్నది, ఆమె లేవలె. "ఇంకోటి గూడ చెప్పు తమ్మీ. వస్తున్నని ఇంట్ల ముందుగాలనే చెప్పి పొమ్మను."