వీధికి అవతలి గట్టు

అన్సెల్మో మెన్హీవర్‌కి గురువారం పౌరసత్వం ఇంటర్వ్యూ. అది అయ్యేదాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరగమని భార్య నొయెమీ ఆంక్షలు పెట్టింది. కారు మెల్లగా నడపాలి. బీరు ముట్టకూడదు. తమ్ముడు పిలిచాడని ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళి రిఫరీని తిట్టిరాకూడదు. ఆ కాగితం చేతికొచ్చాక ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చు. ఆవిడ ఆ పరీక్ష రెండేళ్ళ కిందటే పాసైంది గనక ఇంట్లో ఆ విషయంలో ఆవిడ మాటే శాసనం.

ఎల్ సాల్వడార్ నుంచి అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, పోస్టు డబ్బాలో ప్రభుత్వం కవరు కనిపిస్తే అతనికి ఇప్పటికీ తెరవాలంటే భయం. కరెంటు బిల్లు పక్కన ఆ కవరుని రెండు రోజులు అలాగే ఉంచుతాడు. మూడో రోజు నొయెమీ చింపి చదువుతుంది. ఈ భయం ఇక చాలనే అతను అర్జీ పెట్టుకున్నాడు.

అతనిది స్కూలు క్యాంటీన్లో వంటపని. వేసవి సెలవుల్లో పిల్లలుండరు, జీతమూ ఉండదు. అందుకని ఎండాకాలం శనాదివారాలు ఇళ్ళ ముందు రోడ్డంచు గట్టు మీద ఇంటి నంబర్లు వేస్తాడు. రాత్రిపూట అంబులెన్సు వాళ్ళకీ, పార్శిళ్ళు తెచ్చేవాళ్ళకీ ఆ నంబరే దారి చూపిస్తుంది. గట్టుని తీగ బ్రష్షుతో రుద్ది, చుట్టూ టేపు అంటించి, తెల్లరంగు కొట్టి, అది ఆరాక అంకెల ఆకారం కోసిన రేకులు ఆనించి నల్లరంగు చల్లాలి. ఊరికే ఎవరుపడితే వాళ్ళు చెయ్యడానికి లేదు, మునిసిపాలిటీ పర్మిట్ కావాలి. శాన్ తెల్మో మునిసిపల్ ఆఫీసులో తీసుకున్న ఆ పర్మిట్‌కి ప్లాస్టిక్ తొడుగు వేయించి మెడలో వేసుకుంటాడు.

"అది పర్మిట్టా, తాయెత్తా? స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తావా?" అంటుంది నొయెమీ.

శనివారం పొద్దున్న లార్కిన్ వీధికి వచ్చారు. ఆవిడ గొడుగేసుకుని తలుపులు తడుతుంది, ఇతను మోకాళ్ళ కింద పాత దిండు వేసుకుని గట్టు ముందు కూర్చుంటాడు. ఎండ ముదరకముందే వీధికి ఇటువైపు ఇళ్ళన్నీ అయ్యాయి. సామాను సర్దుకుంటుంటే అటువైపు కారు కడుక్కుంటున్నతను కేకేశాడు.

"ఓయ్ అన్నా! మేమేం పాపం చేశాం? మా ఇంటికీ వేసిపో!"

దాటి వెళ్ళారు. అతని ఇల్లు చూసి పక్కింటావిడ, ఆవిణ్ణి చూసి ఆ పక్కవాళ్ళు. నాలుగిళ్ళు ఇట్టే అయిపోయాయి. ఐదో ఇల్లు ఒహానియన్ గారిది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ తెప్పించుకునే పార్శిళ్ళన్నీ పక్కింటికి పోతున్నాయట. గిన్నె నిండా ఆప్రికాట్ పళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"తిను బాబూ. మా చెట్టువే. నేనొక్కదాన్ని ఎన్ని తినగలను? పిట్టలు కూడా మొహం మొత్తి పోతున్నాయి."

"చేతులకి రంగుందమ్మగారూ."

"అయితే మీ ఆవిడ నోట్లో పెడుతుందిలే. ఏమ్మా, పెట్టవూ?"

"ఇంట్లోనే పెట్టను, వీధిలో పెడతానా?" అంది నొయెమీ. అన్నదే గానీ ఒక పండు విప్పి గింజ తీసి అతని నోట్లో పెట్టింది. ఎండకి పండు వెచ్చగా, తేనెలా ఉంది. పెదవుల మీద కారిన రసాన్ని ఆవిడే తన చొక్కా అంచుతో తుడిచింది. అతను తెల్లరంగు కొట్టడం పూర్తిచేసి, ఆరనివ్వడానికి వెనక్కి వాలాడు.

అప్పుడొచ్చాడు కుక్కని తిప్పుతూ ఆ పెద్దమనిషి. మోకాళ్ళ దాకా మేజోళ్ళు. పేరు ప్రూయిట్ అని తరవాత ఒహానియన్ గారు చెప్పింది.

"ఏమయ్యా, పర్మిట్ ఉందా?"

అన్సెల్మోకి ఈ ప్రశ్నంటే ఇష్టం. మెడలోంచి తీసి రెండు చేతులతో అందించాడు. "ఉంది సార్. చూడండి."

ప్రూయిట్ కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు. చదివి నవ్వాడు. "ఇది శాన్ తెల్మోది."

"అవును సార్."

"నువ్వు కూర్చున్నది ఎల్డర్‌వుడ్‌లో. ఈ రోడ్డు మధ్య గీతే పొలిమేర. అటు వాళ్ళ ఊరు, ఇటు మా ఊరు. మా ఊళ్ళో నీ కాగితం ఎందుకూ పనికిరాదు." కుక్కని లాక్కుంటూ నాలుగడుగులు వేసి జేబులోంచి ఫోను తీశాడు.

అన్సెల్మో లేచి నిలబడి వీధిని రెండువైపులా చూశాడు. పొద్దుటినుంచీ కళ్ళముందే ఉన్నవి అప్పుడు కనబడ్డాయి. అటువైపు చెత్త డబ్బాలు నీలం. ఇటువైపు ఆకుపచ్చ. అటు దీపస్తంభాలు సిమెంటువి, ఇటు ఇనుపవి. గీతకి అటు తారు పాతది, ఇటు కొత్తది. నోట్లో పండు తీపి ఇంకా పోలేదు.

"లే, సర్దు," అంది నొయెమీ గొంతు తగ్గించి. "డబ్బాలు నేను పట్టుకుంటా. వ్యాను తియ్యి."

"నాలుగిళ్ళకి వేసేశాం."

"వేశాం. మనకి తెలీక వేశాం. వాడు పోలీసుల్ని పిలుస్తున్నాడు ముసలోడా! గురువారం పెట్టుకుని ఇవాళ కేసు రాయించుకుంటావా?"

అతను దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు. రెండు నెలలుగా వంటింటి బల్ల దగ్గర ఆవిడ ఆఫీసరై, అతను అర్జీదారై వల్లించిన ప్రశ్నలు చెవుల్లో మోగుతున్నాయి. వాటిలో ఒక ప్రశ్న దగ్గర ఎప్పుడూ ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఏదైనా నేరం చేసి పట్టుబడకుండా తప్పించుకున్నారా? దానికి ఆవిడ కళ్ళు పెద్దవి చేసి "చెప్పు, మన పెళ్ళిలో మా పిన్ని కోడిని కొట్టేసింది నువ్వేగా?" అనేది.

"నొయెమీ, ఆ ప్రశ్న ఉందిగా. పట్టుబడని నేరం."

ఆవిడకి వెంటనే అర్థమైంది. ముఖం పాలిపోయింది. "లేదని చెప్తావు. అంతే."

"చెయ్యెత్తి ప్రమాణం చేశాక అడుగుతారు."

"ఇదో నేరమా? రంగు! గోడకి కొట్టే రంగు!"

"ఏమో. నేరం కాదని నాకేం తెలుసు?"

ఇంతలో ఒహానియన్ గారు గుమ్మంలోంచి చెయ్యూపింది. "ఏం బాబూ, ఆగిపోయావేం? నా నంబరేదీ?"

గట్టు మీద తెల్లటి ఖాళీ పలక ఎండకి మెరుస్తోంది. అన్సెల్మో దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. ఇందాకటివి తెలీక వేసినవి, ఇది వేస్తే తెలిసి వేసినట్టవుతుంది, క్షమించండమ్మగారూ, డబ్బు తిరిగిచ్చేస్తాను అన్నాడు. ఆవిడ చివరిదాకా విని, కర్ర ఆనించుకుంటూ మెట్లు దిగింది.

"ఆ ప్రూయిట్‌కి పనేంటి, పెళ్ళాం మాట్లాడక వీధి మీద పడి ఏడుస్తాడు. ఇల్లు నాది. ఇలా తే ఆ డబ్బా."

"అమ్మగారూ, వద్దండీ."

"నీ నేరం నీది, నా నేరం నాది. నా వయసులో నన్ను జైల్లో వేస్తే వేళకి అన్నమైనా పెడతారు. ఏమ్మా, నన్ను పట్టుకో, కూర్చోవాలి."

నొయెమీ మొగుడి వంక చూసింది, వీధి చివర చూసింది, ఇంక గత్యంతరం లేక ఆవిణ్ణి పట్టుకుని దిండు మీద కూర్చోబెట్టింది. అన్సెల్మో రేకులు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. "ఆ ఒకటి కాస్త ఎడమకి... మరీ దగ్గరగా పట్టుకోకండి, కారిపోతుంది... చెయ్యి ఆపకండి, ఆపకండి..."

మూడు అంకెలు పడేసరికి పోలీసు కారు వచ్చి ఆగింది.

దిగింది చిన్నపిల్లే, ముప్పై ఉండవు. చొక్కా మీద మిలిగన్ అని పేరుంది. వీధి మలుపులో ప్రూయిట్, కుక్కా నిలబడి చూస్తున్నారు. అన్సెల్మోకి వీపు మీద చెమట ధారగా కారుతోంది.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"కనబడ్డంలా? నా ఇంటికి నంబరు వేసుకుంటున్నా. ఎనిమిదొక్కటే మిగిలింది. కాస్త నీడ అడ్డం రాకు తల్లీ."

మిలిగన్ పెదవి బిగబట్టుకుంది. తరవాత వరసగా ఉన్న మిగతా నాలుగు నంబర్లూ చూసింది. అవి పంక్తి తప్పకుండా, అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. "అవి కూడా మీరే వేశారా మేడమ్?"

ఒహానియన్ గారు నోరు తెరిచేలోగా అన్సెల్మో ముందుకొచ్చాడు. పక్కన నొయెమీ అతని మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది. గోరు దిగింది.

"నేను వేశాను ఆఫీసర్. నా పర్మిట్ అటువైపు ఊరిది. ఇది వేరే ఊరని తెలీదు. తెలిశాక ఆపేశాను."

ఆమె పర్మిట్ తీసుకుని, కార్లో కూర్చుని రేడియోలో ఏదో మాట్లాడింది. ఆ కాసేపట్లో అతను ఇరవై ఏళ్ళూ తిరిగి బతికాడు. మొదట్లో ఏ గుమ్మం ముందు బూట్ల చప్పుడైనా దీపం ఆర్పేసి ఊపిరి బిగబట్టిన రోజులు, గ్రీన్ కార్డు వచ్చాక కూడా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్న రాత్రులు. నొయెమీ గిల్లిన చెయ్యి ఇంకా వదల్లేదు. ఇప్పుడు గిల్లడంలేదు, ఊరికే పట్టుకుంది.

మిలిగన్ తిరిగొచ్చింది. "ఇది మా పని కాదండీ, మునిసిపాలిటీ వాళ్ళు చూసుకోవాలి. వాళ్ళకి ఇవాళ సెలవు. ఇటువైపు ఇంక వెయ్యకండి. సోమవారం వెళ్ళి అడగండి."

"అంటే నామీద కేసు రాసినట్టా, రాయనట్టా?"

"రాయలేదు. చెప్పి వదిలేశాను."

"చెప్పి వదిలెయ్యడం... అది లెక్కలోకి వస్తుందా? గురువారం నాకు పౌరసత్వం ఇంటర్వ్యూ."

ఆమె అతని రంగు చేతుల వంక చూసింది. "నిజంగా నాకు తెలీదు సార్. లాయర్ని అడగండి." కారెక్కబోతూ వెనక్కి తిరిగింది. "ఆల్ ద బెస్ట్."

ఆదివారం చర్చిలో పౌరసత్వం పాఠాలు చెప్పే మాష్టార్ని అడిగారు. ఆయన గడ్డం గోక్కుని, అది నేరం కిందికి రాదనుకుంటా అన్నాడు. ఆ 'అనుకుంటా' దగ్గర అన్సెల్మోకి నిద్ర పట్టలేదు. సోమవారం ఎల్డర్‌వుడ్ ఆఫీసుకి వెళ్తే, కిటికీలో గుమాస్తా అర్జీ తీసుకుని, వేసినవాటి సంగతి విని, "ఉండనివ్వండి, ఇక ముందు కాగితం వచ్చాక వెయ్యండి" అని తలుపు మూసింది. దానికి రశీదు కూడా లేదు.

బుధవారం రాత్రి నొయెమీ బల్ల దగ్గర ఆఫీసరై కూర్చుంది. ఆ ప్రశ్న వచ్చేసరికి దాన్ని దాటేసి తరవాతది అడిగింది.

"అది అడగవేం?"

"నీ జవాబు నాకు తెలుసు గనక. వినాలని లేదు గనక." ఆవిడ లేచి వెళ్ళి అతని తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. చేసిన చోటే మళ్ళీ చేసింది. ఇటు తిరక్కుండానే అంది, "చెప్తే చెప్పావు గానీ నసక్కు. ఒక్క ముక్కలో చెప్పు. నువ్వు నసిగితే హత్య చేసినవాడిలా కనిపిస్తావు."

గురువారం గదిలో బల్లకి అవతల ఉన్నావిడకి మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలున్నాయి. అన్సెల్మో చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. దేశం గురించి అడిగినవాటికి జవాబులు వాటంతటవే వచ్చాయి. పన్నులు కట్టారా, కట్టాను. పెళ్ళి ఎన్నిసార్లు, ఒక్కసారే. ఆవిడ గొంతులో హెచ్చుతగ్గుల్లేవు, బస్టాండులో ఊళ్ళ పేర్లు చదివినట్టు చదువుతోంది.

"ఏదైనా నేరం చేసి, అరెస్టు కాకుండా ఉన్నారా?"

"చేశానండీ," అన్నాడు.

ఆవిడ తలెత్తింది. కళ్ళద్దాలు తీసింది. ఒక్క ముక్కలో చెప్పమంది నొయెమీ. కానీ ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్క అతనికి దొరకలేదు. అందుకని అంతా చెప్పాడు. నీలం డబ్బాలు, ఆకుపచ్చ డబ్బాలు, రోడ్డు మధ్య గీత, నాలుగు ఇళ్ళు, పోలీసమ్మాయి, సోమవారం కిటికీ. ఐదోది ముసలమ్మగారే వేసుకుందనీ, ఎలా పట్టుకోవాలో మాత్రం తను చెప్పాననీ, అది కూడా సాయం చేసినట్టే అవుతుందేమోననీ కూడా చెప్పాడు.

ఆవిడ రాసుకుంటోంది. చాలా రాస్తున్నట్టనిపించింది అతనికి.

"పోలీసులు టికెట్ ఏమైనా రాసిచ్చారా?"

"లేదండీ."

"జరిమానా?"

"లేదండీ. ఎల్డర్‌వుడ్‌లో అర్జీ పెట్టాను. ఇంకా కాగితం రాలేదు."

"వచ్చేదాకా వెయ్యకండి," అందావిడ, కళ్ళద్దాలు పెట్టుకుంటూ. రాసినదాని పక్కన చిన్న గీత పెట్టి తరవాతి ప్రశ్నకి వెళ్ళింది. ఆ గీత మంచిదో చెడ్డదో ఆమె ముఖం చెప్పలేదు. ఇంకా పది ప్రశ్నలు అదే గొంతుతో అడిగింది. చివర ఒక వాక్యం చదివించింది, ఒకటి రాయించింది. ప్రింటర్లోంచి కాగితం తీసి, సంతకం పెట్టి, అతని వైపు తిప్పింది.

బయట హాల్లో నొయెమీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చునుంది. అతన్ని చూడగానే లేచింది. అతని కళ్ళు నిండిపోయాయి. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"ఏమైంది? చెప్పేశావు కదూ? నాకు తెలుసు. ఏమందావిడ?"

అతను కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ పై గడిలో గుర్తు చూసి, కింద సంతకం చూసి, మళ్ళీ గుర్తు చూసింది. ఆ తరవాత కుర్చీలో కూలబడింది. అతను కూడా పక్కన కూర్చున్నాడు.

"పాస్ అని ఉంది," అందావిడ. "పౌరసత్వ ప్రమాణానికి ఎప్పుడు రావాలో ఉత్తరం రాస్తారట."

"ఊఁ."

"మరి ఏడుస్తావేం ముసలోడా? నా ప్రాణం తీశావు. ఆ గుమ్మంలోంచి నవ్వుతూ రావడానికి నీకేం రోగం?"

"నవ్వే వచ్చాననుకున్నాను," అన్నాడు అన్సెల్మో.