గడ్డ లేదు

కూతురి కడుపులో గడ్డ ఉండాలని ఆ తల్లి నిన్నటి నుంచి దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది.

ఆమెను అందరూ మిషనక్క అంటారు. భర్త పోయాక కుట్టుమిషనే ఇల్లు నడిపింది. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే కాజాలు కుడుతున్న కూతురు పిచ్చుక కొన్నాళ్ళుగా ఉన్నట్టుండి చెమటలు పట్టి పడిపోతోంది. పడిపోయినప్పుడల్లా మిషనక్క చేతిలో గుడ్డ వదిలేసి పరుగెత్తుకొచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని, చక్కెర నీళ్ళు చెంచాతో పట్టేది.

నిన్న ఆస్పత్రిలో రక్తం తీశాక డాక్టరమ్మ ఆమెను ఒక్కదాన్నే పిలిచింది.

"ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోతోందమ్మా. ఇన్సులిన్ ఒంట్లోనే తయారైతే దాంతోపాటు సీ-పెప్టైడ్ అని ఒక ముక్క కూడా రక్తంలోకి వస్తుంది. అది ఎక్కువుంటే లోపల చిన్న గడ్డ ఉందేమో చూడాలి. ఉంటే తీసేయొచ్చు, భయం లేదు."

"ఆ ముక్క లేకపోతే?"

"ఇన్సులిన్ బయటి నుంచి ఎక్కినట్టు. మీ ఇంట్లో వాడేవాళ్ళున్నారా?"

"నేనే."

ఫ్రిజ్‌లో తన మందు ఈమధ్య తొందరగా అయిపోతోంది. మతిమరుపు ముంచుకొచ్చిందని తనను తానే తిట్టుకుంటోంది మిషనక్క.

ఇవాళ ఆస్పత్రి వరండాలో ఎదురుచూస్తుంటే చెల్లెలు రిపోర్టు ఊపుకుంటూ వచ్చింది.

"లేదే అక్కా! ఆ సీ-పెప్టైడో ఏదో రక్తంలో లేనే లేదట, ఇక గడ్డా లేదు, గిడ్డా లేదు! డాక్టరమ్మ నిన్నోసారి రమ్మంది. ఇంకో డాక్టరు కూడా మాట్లాడాలట. అదేంటే, మంచి కబురు చెప్పినా ఆ మొహమేనా?"

వార్డులోకి వెళ్ళగానే చెల్లెలు పిచ్చుక మీది దుప్పటి లాగేసింది.

"లేవవే దొంగమొహమా! నీకే జబ్బూ లేదట. ఇక కాజాలు ఎగ్గొట్టడం కుదరదు."

పిచ్చుక నవ్వలేదు. తల్లి వైపు చూసి కళ్ళు దించుకుంది.

మిషనక్క చెల్లెల్ని టీకి పంపి మంచం అంచున కూర్చుంది.

"నా మందేనా?"

పిచ్చుక తలూపింది.

"ఎందుకే తల్లీ? ప్రాణం పోయేది కదే!"

పిచ్చుక దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ గొణిగింది.

"మిషను ఆగుతుందని."

"ఏంటీ?"

"పిలిస్తే 'ఉండవే, ఈ కుట్టు అవనీ' అంటావు. నాన్న పోయినప్పటి నుంచీ అంతే. పడిపోతే మటుకు వస్తావు."

మిషనక్క సంచిలో ఫోను మోగింది. సాయంత్రానికి బట్టలిస్తానని తను మాటిచ్చిన మనిషి. మోగీ మోగీ అదే ఆగిపోయింది.

మంచం పక్క బల్ల మీద నిన్నటి గ్లూకోజు నీళ్ళు సగం గ్లాసు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు వాటితో అవసరం లేదు. అయినా ఆమె కూతురి తల ఒళ్ళోకి తీసుకుని, చెంచా ముంచి పెదాల దగ్గర పెట్టింది.

పిచ్చుక చిన్నపిల్లలా నోరు తెరిచింది. చెంచా పళ్ళకు తగిలి టకటకమంది. మిషనక్క మళ్ళీ చెంచా ముంచింది.