పద్నాలుగో నంబరు వరుస

ఆఫీసు తాళం తీసేది ఎప్పుడూ రికార్డుల గుమాస్తానే. మిగతావాళ్ళు తొమ్మిదిన్నరకి వస్తే అతను ఎనిమిదింటికల్లా వచ్చి కూర్చునేవాడు. భార్య పోయి మూడేళ్ళు. ఇంటి గోడల్ని చూస్తూ కూర్చోవడం కన్నా ఆఫీసు గోడలే నయం అనుకున్నాడు. ఆఫీసులో వాళ్ళు అతనికి 'కోడికూత' అని పేరు పెట్టారు. ఆ సంగతి అతనికి తెలుసు. వాళ్ళంటే అతనికి అంతకన్నా చులకన, కాబట్టి లెక్క సరిపోయిందనుకునేవాడు.

ఆ కంపెనీ పని లిఫ్టుల మరమ్మతు. ఏ లిఫ్టుని ఎప్పుడు చూశారు, ఏం చెడింది, నడపొచ్చా, ఆపాలా అన్నదంతా ఒకే డేటాబేస్‌లో, లిఫ్టుకో వరుస చొప్పున ఉంటుంది. ఆరుగురూ ఆరు కంప్యూటర్ల మీద దాన్నే తెరుచుకుని పనిచేయాలి. ఆరు వారాలుగా అది సాగడం లేదు. పొద్దున్నే గుమాస్తా తెరుస్తాడు, అతనికి తెరుచుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ళకి మాత్రం 'ఫైలు మరొకరి వాడుకలో ఉంది' అని ఒక్క ముక్క చెప్పి ముఖం మీద తలుపేస్తుంది.

"బాబాయిగారూ, మీరోసారి బయటికొచ్చేయండి, మేం దూరతాం" అని ఫోన్లు చూసే అమ్మాయి రోజూ కేకేసేది. అతను మూసేవాడు. ఐదుగురూ లోపలికి వెళ్ళాక, అందరికన్నా చివర అతను మళ్ళీ తెరుచుకునేవాడు. అలా అయితే ఏ గొడవా లేదు. మంగళవారాలు అతను రక్తపోటు మందు కోసం క్లినిక్కి పోయి పదింటికి వస్తాడు. మంగళవారాలు అసలు గొడవే లేదు.

"ఇంకేం తేల్చాలి? ఈయన చెయ్యి పడితే చాలు, బిగుసుకుపోతోంది" అన్నాడు మేనేజరు, అందరూ వింటుండగా. "కంప్యూటర్లతను వస్తున్నాడు. తప్పు ఈయనదేనని తేలితే సాయంత్రానికి గోడౌన్‌కి. అక్కడ బోల్టులు లెక్కపెట్టుకుంటాడు."

గుమాస్తా తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ అతనిది. అది తప్ప అతనికి ఇంకేం మిగల్లేదు.

పదకొండింటికి కంప్యూటర్లతను వచ్చాడు. అతను గుమాస్తా బావమరిది. భార్యకి సొంత తమ్ముడు. ఆమె పోయిన రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఎవరి దగ్గర ఆగుతోంది?" అని మేనేజర్ని అడిగాడు, బావ వైపు చూడకుండా.

"ఇదిగో, ఈ మహానుభావుడి దగ్గర."

బావమరిది అందరి చేతా ఫైలు మూయించాడు. గుమాస్తా కుర్చీలో ఫోన్లమ్మాయిని కూర్చోబెట్టి, ఆమె పేరుతో ముందు తెరిపించాడు. ఆరుగురికీ తెరుచుకుంది. మళ్ళీ అందరినీ బయటికి రమ్మని, అమ్మాయి కంప్యూటర్ మీద గుమాస్తా పేరుతో ముందు తెరిపించాడు. మిగతావాళ్ళకి తలుపు మూసుకుంది.

"చెప్పానా!" మేనేజరు తొడ చరిచాడు. "మెషిన్ది కాదు, మనిషిదే తెగులు."

"మనిషిది కాదు, మనిషి పేరుది" అని బావమరిది సర్వర్ ముందు కూర్చుని ఫైలున్న ఫోల్డర్ వివరాలు తీశాడు. చాలాసేపు చూసి, మొదటిసారి బావ వైపు తిరిగాడు. "గుమాస్తాగారూ, మీకు ఇక్కడ చదవడానికి తప్ప రాయడానికి అనుమతి లేదేం?"

ఒకప్పుడు 'ఏం బావా' అనేంత చనువు. ఇప్పుడు గుమాస్తాగారు, మీరు. అది అతనికి చెంపదెబ్బలాగే తగిలింది. తగలాలనే అన్నాడని కూడా తెలుసు.

"మేనేజరుగారు తీసేశారు. ఇకమీద చూసి చెబితే చాలు, ఎక్కించే పని అమ్మాయి చేస్తుందన్నారు."

"ఎప్పుడు?"

"ఆరు వారాలైంది."

ఫోన్లమ్మాయి మేనేజరు వైపు చూసి, చప్పున కళ్ళు దించుకుంది.

"అదీ సంగతి. ముందు తెరిచినవాడు ఫైలు పక్కన ఒక చీటీ పెట్టాలి, లోపల ఎవరెవరున్నారో రాసుకోవడానికి. అది దానంతటదే జరుగుతుంది. ఈయనకి ఆ ఫోల్డర్లో రాసే అనుమతే లేదు, చీటీ ఎలా పెడతాడు? చీటీ లేదు కాబట్టి ఉన్నది ఈయనొక్కడే అనుకుని తలుపేసుకుంటోంది. చివర దూరితే అప్పటికే వేరేవాళ్ళ చీటీ ఉంటుంది, అందుకని పేచీ లేదు. ఈ తాళం వేసింది మీరే, మేనేజరుగారూ."

మేనేజరు ముఖం మాడిపోయింది. "సరే. అయితే ఆయన పేరే తీసి పారెయ్. పీడా పోతుంది."

"తీసేస్తాను. నిమిషం పని. ఎందుకు తీయమన్నారో ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నేను ఇచ్చే రిపోర్టు యజమానికి కూడా వెళుతుంది."

"ఎందుకంటే... ముసలాయన. తప్పులు ఎక్కిస్తాడు."

"పద్నాలుగో నంబరు" అన్నాడు గుమాస్తా. "ఆసుపత్రి లిఫ్టు. తలుపు పూర్తిగా పడకుండానే కదులుతోంది, ఆపాలి అని మెకానిక్ చీటీ రాసిచ్చాడు. నేను అలాగే ఎక్కించాను. ఈయన దాన్ని 'బాగుంది' అని మార్చారు. నేను మళ్ళీ మార్చాను. ఆ సాయంత్రమే నా అనుమతి తీసేసి, తిరిగి 'బాగుంది' అని పెట్టేశారు."

"కొత్త తలుపు వస్తుందని చెప్పానుగా!" మేనేజరు అరిచాడు. "కాంట్రాక్టు పోతే నీ జీతం నీ తాతిస్తాడా?"

"ఆ మెకానిక్ చీటీ ఏది?" అడిగాడు బావమరిది.

గుమాస్తా సొరుగు తెరిచాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, అడుగున ఉంది.

బావమరిది చదివాడు. చదివిన చీటీ తిరిగి ఇవ్వకుండా బల్ల మీద విసిరాడు. "ఆరు వారాలు దీన్ని సొరుగులో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నారా? మా అక్క గుండె పట్టేస్తోందని ఫోన్ చేసిన రోజు కూడా ఇంతేగా. ఈ నాలుగు వరుసలు ఎక్కించి వస్తానన్నారు. సాయంత్రం వచ్చారు. ఎవరి కోసం వచ్చారు? శవం కోసమా?"

గుమాస్తా బల్ల మీది చీటీ తీసి మడతపెట్టాడు. నాలుగు కూడా కాదు, తొమ్మిది వరుసలు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మేనేజరు కాగితం వైపు చూశాడు, కలం వైపు చూశాడు. సంతకం పెట్టలేదు. "ఏదో ఒకటి చేసి తగలడు" అని కేబిన్లోకి పోయి తలుపు దభీమని వేసుకున్నాడు.

బావమరిది గుమాస్తా పేరుకి పాత అనుమతి తిరిగి ఇచ్చాడు. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. సంచి సర్దుకుని మెట్ల దాకా వెళ్ళాడు. గుమాస్తా వెనకే వచ్చాడు.

"నా తరఫున మాట్లాడి..." అని మొదలుపెట్టాడు.

"నీ తరఫున కాదు బావా. నీ మీద కోపం నా సొంతం. దాన్ని ఆ మేనేజరులాంటివాడికి అద్దెకివ్వను." మెట్లు దిగుతూనే అన్నాడు. "అక్క పోయిన రోజే మా ఇంటికి రావద్దన్నాను. ఇప్పటికీ అదే మాట. మా గడప తొక్కకు."

గుమాస్తా పైమెట్టు మీద నిలబడి, ఆ సంచి కింది మలుపు తిరిగేదాకా చూశాడు.

మర్నాడు అతను ఎనిమిదింటికే తాళం తీశాడు. డేటాబేస్ తెరిచాడు. తొమ్మిదిన్నరకి ఒక్కొక్కరే వచ్చారు. ఎవరికీ తలుపు పడలేదు. 'బాబాయిగారూ' అన్న కేక వినిపించలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. అంటే అతను విననూ వినడు.

మేనేజరు కేబిన్లోకి వెళ్ళడం చూశాక పద్నాలుగో నంబరు వరుస తీశాడు. 'బాగుంది' చెరిపి, 'తలుపు పూర్తిగా పడటం లేదు. ఆపాలి' అని కొట్టి భద్రపరిచాడు. తర్వాత అదే వరుసలో ఇంకొక్క చుక్క కొట్టి వదిలేశాడు. వరుస పక్కన చిన్న పెన్సిలు గుర్తు వచ్చి నిలిచింది. అది ఉన్నంతసేపూ ఆ వరుసను ఇంకెవరూ ముట్టుకోలేరు. స్క్రీన్‌కి తన పాస్‌వర్డ్ తాళం వేశాడు. మెకానిక్ చీటీ జేబులో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి బాబాయిగారూ, పని వేళ?" ఫోన్లమ్మాయి నోరెళ్ళబెట్టింది.

"ఆసుపత్రికి. లిఫ్టు ఆపించడానికి."

"ఫోన్ చేస్తే పోలా?"

"ఫోన్లో ఏం జరుగుతుందో నాకు తెలుసమ్మా."

మెట్ల దగ్గరికి చేరేసరికి వెనక కేబిన్లోంచి కేక వినిపించింది. "ఈ పద్నాలుగో నంబరు ఎవరు పట్టుకుని కూర్చున్నారు? మరొకరు మారుస్తున్నారంటుందేంటి? ఎవడాడు?"

కుర్చీ ఖాళీగా ఉంది. గుమాస్తా మెట్లు దిగుతూనే ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.