శంషాబాద్‌కు క్యారియర్

చిలకలగూడలో సుమిత్రకు ఒక పేరుంది. సికింద్రాబాద్ స్టేషన్ మీదుగా పోయే చుట్టం ఎవరైనా సరే, ఆమె వండింది తినకుండా పక్క స్టేషన్ మౌలాలి దాటడు. రైలు పేరు, బోగీ నంబరు చెబితే చాలు, నాలుగు గిన్నెల క్యారియర్‌తో పది నిమిషాల ముందే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. ఏ బోగీ ఏ స్తంభం దగ్గర ఆగుతుందో కూలీలకన్నా ఆమెకే బాగా తెలుసు. క్యారియర్ మోసేది మాత్రం ఆమె మొగుడు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ముప్పై ఏళ్ల కాపురం, పెళ్లీడుకొచ్చిన బిడ్డ. చేసేది వడ్రంగి పని.

ఆ ఇంటి తిండి ముట్టని చుట్టం ఒక్కడే ఉన్నాడు. సుమిత్రకు సొంత తమ్ముడు, తిరుమల్. ముంబై పక్కన భివండిలో తలుపులు, కిటికీల కాంట్రాక్టులు చేసుకుంటాడు. ఆరేళ్లుగా అక్క ఇంటి గడప తొక్కలేదు.

తప్పు బ్రహ్మచారిదే. ఆ మాట అతనికీ తెలుసు, కానీ పైకి అనలేదు. కొత్తింటి గృహప్రవేశం రోజు మొదటి బంతిలో తిరుమల్ విస్తరి ముందు కూర్చున్నాడు. అప్పుడే టింబర్ డిపో సేటు వచ్చాడు. ఇంటికి కలప అరువిచ్చిన మనిషి, ఆయన్ని నిలబెట్టకూడదు. "లేవురా, నువ్వు ఇంటోనివే గద, రెండో బంతిల కూసో" అని బామ్మర్దిని లేపేశాడు బ్రహ్మచారి. పరిచిన విస్తరి ముందు నుంచి లేపడమంటే చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువ. తిరుమల్ లేచాడు, చెప్పులేసుకున్నాడు, "ఇగ నీ ఇంట్ల ముద్ద ముట్ట" అని నలుగురిలో అని వెళ్లిపోయాడు.

అప్పుడు పెద్ద నష్టం కనబడలేదు. ఇప్పుడు కనబడుతోంది. పన్నెండు రోజుల్లో బిడ్డ భవాని పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావలసింది మేనమామ. ఉన్నది ఒక్క మేనమామ. అతను రాకపోతే పక్కింటివాడెవడో మోయాలి, వచ్చినవాళ్లందరూ ఎందుకని అడగాలి. పోయిన నెల బ్రహ్మచారి పెళ్లి కార్డు పట్టుకొని భివండి దాకా పోయాడు. తిరుమల్ భార్య కల్పలత, "ఆయన వేరే ఊరికి పోయిండన్నా" అంది. లోపలి గదిలోంచి వినబడిన దగ్గు మాత్రం తిరుమల్‌దే. కార్డు బల్ల మీద పెట్టి, చాయ్ తాగి, తిరుగు రైలెక్కాడు.

ఆదివారం పొద్దున ఆ కల్పలతే ఫోన్ చేసింది.

"వదినె, మీ తమ్ముడు మంగళవారం రాజమండ్రికి పోతుండు. శంషాబాద్‌ల విమానం మారాలంట. నడుమ నాలుగు గంటలు ఖాళీ. ఏర్‌పోర్ట్ కాడ తినేతందుకు మంచి హోటల్ ఏదన్న ఉన్నదా అడుగుమన్నడు."

"ఎవర్ని అడుగుమన్నడు?"

"గదే... ఎవర్నన్న."

సుమిత్ర ఫోన్ పెట్టేసి మొగుడి వంక చూసింది. "హోటళ్ల సంగతి వాని ఫోన్ల దొరుకదా? నాదాకా ఎందుకొచ్చిందీ మాట? మంగళవారం క్యారియర్ కడుత, నువ్వు పో."

"నేనొక్కన్నేనా? నువ్వు రావా?"

"నేనొస్తే నన్ను జూసి తిని పోతడు. వాని కోపం నా మీద గాదు."

మంగళవారం పొద్దున్నే జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు, అన్నం, పచ్చిపులుసు గిన్నెల్లోకి ఎక్కాయి. పైన కాగితంలో రెండు సర్వపిండి ముక్కలు. బ్రహ్మచారి ఉతికిన చొక్కా వేసుకొని ఏర్‌పోర్ట్ బస్సెక్కాడు. పులుసు ఒలకకుండా దారి పొడవునా క్యారియర్ ఒళ్లోనే పెట్టుకున్నాడు.

అక్కడ దిగాక జనం ఎటు పోతుంటే అటు పోయాడు. పెట్టెలు తోసుకుంటూ అందరూ పై అంతస్తు గేటుకు పోతున్నారు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టికెట్ అడిగాడు. బ్రహ్మచారి ప్లాట్‌ఫారం టికెట్ ఎక్కడిస్తారని అడిగాడు. జవానుకు తెలుగు రాదు, బ్రహ్మచారికి హిందీ వస్తుంది. కానీ ప్లాట్‌ఫారం అన్న మాట ఏ భాషలో చెప్పినా అక్కడ చెల్లలేదు. మనిషిని, క్యారియర్‌ని మార్చి మార్చి చూసి, పక్కకు జరగమన్నాడు.

"దిగేటోళ్లు కింది గేటు నుంచి వస్తరు కాకా, ఇది ఎక్కే జాగ" అంది నేల తుడుస్తున్న ఆమె.

కిందికి పోయి ఫోన్ చేశాడు. ఆరేళ్లలో మొదటిసారి తిరుమల్ ఫోన్ ఎత్తాడు.

"ఎవలు?"

"నేను, బావను."

"ఏ బావ?"

"నీకు ఎందరు బావలున్నర్రా?"

అటువైపు ఏదో విమానం ఎక్కమని పిలుస్తున్న ఆడగొంతు వినబడింది. "ఏందీ సంగతి?"

"అక్క బువ్వ పంపింది. కింద నిలవడ్డ. బయటికి రా."

"బయటికొస్తే మల్ల చెకింగ్ షురూ చేస్తరు. బెల్టు ఇప్పాలె, పర్సు తియ్యాలె. పరేషాన్."

"నాలుగు గంటలున్నది గద."

"ఏమేం పంపింది?"

బ్రహ్మచారి చెప్పాడు. జొన్నరొట్టెలకు చలించలేదు. చింతచిగురు పప్పుకు "ఊఁ" అన్నాడు. పచ్చిపులుసు దగ్గరికి వచ్చేసరికి, "జెర ఆగు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ జెర నలభై నిమిషాలయింది. బయటికొచ్చిన తిరుమల్‌కు పొట్ట పెరిగింది, చెవుల పక్కన తెల్లబడింది. పలకరింపులు లేవు. ఇద్దరూ కూర్చునే చోటు కోసం నడిచారు. పూలమొక్కల గట్టు మీద గిన్నెలు విప్పబోతే ఒక సెక్యూరిటీ అతను ఈల వేశాడు. చివరికి బస్సులాగే చోట, ఒక లావుపాటి స్తంభం వెనక పేపరు పరుచుకున్నారు.

బ్రహ్మచారి వడ్డించాడు, తిరుమల్ తిన్నాడు. రొట్టె తుంచి పప్పులో అద్దే తీరులోనే ఆకలి కనబడింది. మధ్యలో ఒకసారి, "నువ్వు సుత పెట్టుకో" అన్నాడు. "నేను తినొచ్చిన" అని అబద్ధమాడాడు బ్రహ్మచారి. బామ్మర్ది నోటికి పోయే ఒక్కో ముద్దా అతని గుండెల మీదున్న బరువును కొంచెం కొంచెం దించుతున్నట్టుంది. తిరుమల్ చివరికి పులుసు గిన్నె ఎత్తి గటగటా తాగాడు.

"అయితే ముందు రోజే వస్తవు గద?" అన్నాడు బ్రహ్మచారి, సీసాలో తెచ్చిన నీళ్లు బామ్మర్ది చేతుల మీద పోస్తూ.

"యాడికి?"

"భవాని పెండ్లికి. మా ఇంటి బువ్వ తింటివి. ఇగ అయిపాయె గద ముచ్చట."

తిరుమల్ రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "నేను ఆనాడేమన్న బావా? నీ ఇంట్ల ముద్ద ముట్టనన్న. అక్క వండింది ముట్టనన్ననా? గిది నీ ఇల్లా?" అని చుట్టూ చూపించాడు. పక్కనుంచి బస్సు పొగ వదులుతూ పోయింది.

తలుపు సరిగ్గా పడటం లేదని చుట్టూ చిత్రిక పట్టిన వడ్రంగి, మడతబందు దగ్గర ఒక్క మేకు పైకి లేచి ఉన్న సంగతి చివర్లో చూసుకున్నట్టయింది బ్రహ్మచారికి. కార్డు తీసుకొని భివండి పోయాడు, క్యారియర్ తీసుకొని ఇక్కడికొచ్చాడు. తేవలసింది ఆ రెండుసార్లూ తేలేదు.

తిరుమల్ అప్పటికే పై అంతస్తుకు నడుస్తున్నాడు. బ్రహ్మచారి ఖాళీ గిన్నెలు ఎట్లా పడితే అట్లా తగిలించుకొని వెనకే పోయాడు. గేటు దగ్గర వరసలో తిరుమల్ ముందు ముగ్గురున్నారు. ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు.

"తిరుమల్, ఆనాడు నిన్ను లేపుడు తప్పేరా" అన్నాడు మెల్లగా.

"ఇనవడలే."

"తప్పయింది అంటున్న."

"మెల్లగ చెప్తున్నవేంది? సేటు ముందల లేపినప్పుడు మెల్లగ చెప్పినవా?"

"లేదు. అందరు ఇనంగనే చెప్పిన."

"మల్ల?"

బ్రహ్మచారి చుట్టూ చూశాడు. పెట్టెల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకున్న వాళ్లు, కోట్లు వేసుకున్న వాళ్లు, ఎవరి ఫోన్లలో వాళ్లున్నారు. యాభై ఆరేళ్ల వయసులో ఎవరి ముందూ తల వంచింది లేదు. సేటు దగ్గర అప్పడిగేటప్పుడు కూడా తల ఎత్తే అడిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇస్తరి ముందల కూసున్న నా బామ్మర్దిని లేపిన!" అన్నాడు గట్టిగా. "బుద్ధి తక్కువయి లేపిన. తప్పు నాదే!"

వరస మొత్తం ఇటు తిరిగింది. ఒకామె చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. ఇందాకటి జవాను ఒక అడుగు ముందుకొచ్చి, ఏమైందని హిందీలో తిరుమల్‌ని అడిగాడు.

"కుఛ్ నహీ సాబ్. మేరే జీజాజీ హై" అన్నాడు తిరుమల్, ఏం లేదు, మా బావే అన్నట్టు.

జవాను ఆధార్ కార్డు చూసి తిరిగిచ్చాడు. తిరుమల్ లోపలికి రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగాడు.

"గంపకు చెప్పినవా బావా?"

"ఇంక చెప్పలే."

"పెద్దది చెప్పు. పిల్ల మా అక్క లెక్కనే ఉన్నదట ఇప్పుడు, చిన్నదాంట్ల పట్టది." అంతే, జనంలో కలిసిపోయాడు.

బ్రహ్మచారి గేటు పక్కకు జరిగి సుమిత్రకు ఫోన్ చేశాడు.

"ఏమన్నడు?" అంది ఆమె, తిన్నాడా అని కూడా అడగకుండా.

"పెద్ద గంప చెప్పుమన్నడు."

సుమిత్ర ఫోన్ పెట్టేయలేదు. ఆమె ముక్కు చీదుకోవడం, తర్వాత ఇంట్లోకి కేకేయడం అతనికి స్పష్టంగా వినబడ్డాయి.

"భవానీ! గా గంపలల్లే కమలాబాయికి ఫోన్ గొట్టు. ఇప్పుడే!"